హెచ్‌-1బి బదిలీ ఒకరు, కాకినాడ ఫ్రీలాన్సర్ ఒకరు: మోసపోకుండా, అవమానించకుండా పనిలోకి తీసుకోవడం ఎలా?

ఇర్వింగ్ వాసి (ప్రశ్న):

సభ్యులందరికీ నమస్కారం. డల్లాస్‌ను ఆనుకుని ఉన్న ఇర్వింగ్‌లో, చిన్న క్లినిక్కులకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ తయారుచేసే సంస్థను నేనూ ఒక అమెరికన్ భాగస్వామీ కలిసి నడుపుతున్నాము. మొత్తం పన్నెండు మంది ఉద్యోగులున్నారు. ఇప్పుడు మాకు ఇద్దరు కావాలి. ఒకరు డేటా ఇంజనీర్. ఈ పనికి మాకు నచ్చిన అభ్యర్థి ప్రస్తుతం ఒక తెలుగువారి కన్సల్టెన్సీ (తన ఉద్యోగులను వేరే సంస్థల ప్రాజెక్టులకు పంపే కంపెనీ) తరఫున హెచ్‌-1బి మీద పనిచేస్తున్నారు, కాబట్టి వీసాను మా సంస్థకు బదిలీ చేయించుకోవలసి ఉంటుంది. రెండోవారు వెబ్ పేజీల పని చేసే ఫ్రీలాన్సర్. కాకినాడలో ఉంటూ పనిచేస్తానంటున్నారు. ఆవిడ ఇదివరకు చేసిన పనులు చూశాము, బాగున్నాయి.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, గత సంవత్సరం మేము తీసుకున్న ఒకతని విషయంలో ఇంటర్వ్యూలో మాట్లాడిన మనిషి వేరు, పనిలో చేరిన మనిషి వేరు అని చేరిన కొద్ది రోజులకే తేలింది. అప్పటినుంచి నా భాగస్వామికి మనవాళ్ల దరఖాస్తు అంటేనే అనుమానం. కన్సల్టెన్సీ పేరు కనబడితే రెజ్యూమె చదవకుండానే పక్కన పెట్టమంటున్నాడు. కాకినాడ ఆవిడ చేత ముందు ఒక వారం ఉచితంగా పని చేయించి చూద్దామని, ఆ తరువాత కూడా ఆవిడ కంప్యూటర్లో కెమెరాతో కనిపెట్టే ప్రోగ్రామ్ ఒకటి పెట్టిద్దామని అంటున్నాడు. అతనిది ద్వేషం కాదు, ఒకసారి దెబ్బతిన్నవాడి జాగ్రత్త. అయినా నాకు ఆ మాటలు మింగుడు పడడం లేదు, ఎందుకంటే నేను ఈ దేశానికి వచ్చిందీ ఒక కన్సల్టెన్సీ ద్వారానే. అలాగని మనవాడు కదా అని ఏ పరీక్షా లేకుండా తీసుకుందామంటే, మా చేతిలో ఉన్నవి రోగుల వివరాలు.

నేను తెలుసుకోదలచుకున్నవి మూడు విషయాలు. మనిషిని కించపరచకుండా, చట్టానికి లోబడి ఎలాంటి తనిఖీలు చేయవచ్చు? హెచ్‌-1బి అభ్యర్థికి లెవెల్ 1 (నాలుగు మెట్లలో అన్నిటికంటే దిగువ) వేతనం ఇస్తే చట్టరీత్యా సరిపోతుందని మా న్యాయవాది అన్నారు, అది మా దగ్గర అదే పని చేస్తున్న స్థానిక ఉద్యోగి జీతం కంటే బాగా తక్కువ, అలా ఇవ్వడం సబబేనా? ఫ్రీలాన్సరుకు ఇక్కడి రేటులో ఐదో వంతు ఇస్తే చాలన్న మాటలో న్యాయం ఎంత? ఈ వ్యవహారంలో ఏ వైపున ఉన్నవారైనా సరే, అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

పాత బెంచీ (న్యూజెర్సీ):

ఇర్వింగ్ వాసి గారూ, మీ రెండో ప్రశ్నతో మొదలుపెడతాను, ఎందుకంటే మిగతా అనుమానాలు చాలావరకు జీతం దగ్గరే పుడతాయి. హెచ్‌-1బి పిటిషన్ వేసే ముందు మీరు కార్మిక శాఖకు ఎల్‌సీఏ (జీతం, పని షరతుల మీద యజమాని ఇచ్చే దరఖాస్తు) సమర్పిస్తారు కదా, అందులో మీరు చేసే ప్రమాణంలో రెండు భాగాలున్నాయి. ఆ ప్రాంతంలో ఆ పనికి నడుస్తున్న ప్రివెయిలింగ్ వేజ్ ఒకటి, మీ సంస్థలో అదే అర్హతతో అదే పని చేస్తున్నవారికి మీరు నిజంగా ఇస్తున్న వేతనం మరొకటి. వీటిలో ఏది ఎక్కువైతే అది ఇస్తానని మీరు సంతకం చేస్తారు. మీ న్యాయవాది మొదటి సగంతోనే ఆగినట్టున్నారు. లెవెల్ 1 అంటే ఆ ప్రాంతంలో ఆ పనికి ఇచ్చే జీతాల వరుసలో సుమారు 17వ పర్సంటైల్ దగ్గర ఉండే అంకె. లెవెల్ 3 దాదాపు మధ్యలో ఉంటుంది, లెవెల్ 4 అయితే 67 దగ్గర. చదువు ముగించి అప్పుడే అడుగుపెట్టినవారికి ఉద్దేశించిన అంకెను, అనుభవం కావలసిన ఉద్యోగానికి పెట్టడం సబబా కాదా అన్న చర్చ అక్కరలేదు, మీరు చెప్పిన పరిస్థితిలో అది చట్టానికే విరుద్ధం.

పైగా దాచి పెట్టే వీలు కూడా లేదు. ఎల్‌సీఏ నకలును ఉద్యోగి పనిలో చేరే రోజుకల్లా అతని చేతికి ఇవ్వాలి. జీతం ఎలా నిర్ణయించారో చూపే ఫైలు ఒకటి సంస్థలో ఉంచి, ఎవరు వచ్చి అడిగినా చూపించాలి. కార్మిక శాఖ ఆ వివరాలను తానే బయటపెడుతుంది కాబట్టి, మీ సంస్థ ఎవరికి ఎంత ఇస్తానని రాసిందో మీ అభ్యర్థి మిమ్మల్ని కలవకముందే చూసుకోగలడు. పిటిషన్ రుసుములూ న్యాయవాది ఖర్చులూ యజమాని వ్యాపార ఖర్చులు, వాటిని ఉద్యోగి జీతంలోంచి రాబట్టడం కుదరదు. 2025 సెప్టెంబరులో వచ్చిన లక్ష డాలర్ల రుసుము గురించి భయపడుతున్నారేమో, అమెరికాలోనే చెల్లుబాటయ్యే వీసా హోదాలో ఉండి యజమానిని మారేవారికి అది వర్తించదని ఆ మరుసటి నెలలో ఇమ్మిగ్రేషన్ శాఖ స్పష్టం చేసింది.

ఇక కన్సల్టెన్సీ రెజ్యూమె సంగతి. నేను వచ్చిన కొత్తలో ఎడిసన్‌లో ఒక కన్సల్టెన్సీ గెస్ట్ హౌస్‌లో ఉండేవాడిని. ప్రాజెక్టు దొరికేదాకా పేరోల్ మొదలుకాదనేవారు. పని చూపించలేకపోయినా యజమాని జీతం ఇవ్వవలసిందేనని 1998 నుంచీ చట్టంలో ఉందన్న సంగతి ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. రెజ్యూమె మీద పేరు మాది, ఫోన్ నంబరు మాత్రం మార్కెటింగ్ చేసేవాడిది. నాతో ఉన్న ఒక వరంగల్ కుర్రవాడి రెండు పేజీల రెజ్యూమె తెల్లారేసరికి తొమ్మిది పేజీలైంది, అతను ఎన్నడూ చూడని బ్యాంకులో నాలుగేళ్లు పనిచేసినట్టు అందులో ఉంది. అది తీసేయమని అతను అడిగితే, అయితే టికెట్ కొనుక్కుని వెళ్లిపొమ్మన్నారు. కాబట్టి మీ ముందున్న కాగితాన్ని ఆ మనిషే రాశాడని అనుకోవద్దు, ఆ కాగితంలోని అబద్ధాన్ని ఆ మనిషే కోరి ఆడాడనీ అనుకోవద్దు. కన్సల్టెన్సీ పంపినది పక్కన పెట్టి, మీరు నిజంగా చేసిన పని ఏమిటో మీ మాటల్లో ఒక పేజీ రాసి మీ సొంత మెయిల్ నుంచి పంపండని అడగండి. ఇంటర్వ్యూ అంతా ఆ పేజీ మీదే నడపండి. నాకు తెలిసినంతలో ఇంతకు మించిన పరీక్ష లేదు, ఇందులో అవమానమూ లేదు.

ఒక్క విషయంలో మాత్రం చాలా జాగ్రత్త పడండి. మీరు ఆఫర్ కాగితం ఇవ్వకముందు అతని ప్రస్తుత యజమానికి ఫోన్ చేసి విచారించవద్దు. ఆ ఫోన్ అందిన మరునాడే అతన్ని తీసేస్తే, కొత్త పిటిషన్ దాఖలు కావడానికో, హోదా మార్చుకోవడానికో, దేశం విడిచి వెళ్లడానికో అతనికి ఉండే గడువు గరిష్ఠంగా 60 రోజులు. మీకు అది ఒక రిఫరెన్సు, అతనికి పిల్లల బడి, ఇంటి లీజు. ముందు ఆఫర్ ఇచ్చి, ఆ తరువాత పేస్టబ్‌లు (జీతం చీటీలు) న్యాయవాది ద్వారా అడగండి. 2000 నాటి చట్టం ప్రకారం మీ పిటిషన్ ఇమ్మిగ్రేషన్ శాఖకు చేరితే చాలు, ఆమోదం కోసం ఎదురుచూడకుండా అతను మీ దగ్గర పని మొదలుపెట్టవచ్చు.

మీ భాగస్వామికి ఈ మాట కూడా చెప్పండి. పౌరహక్కుల చట్టంలోని ఉద్యోగ వివక్ష నిబంధన 15 మంది లేదా అంతకు మించి ఉన్న సంస్థలకే వర్తిస్తుంది, కాని 4 నుంచి 14 మంది ఉన్న సంస్థల్లో పుట్టిన దేశాన్ని బట్టి చూపే వివక్షను ఇమ్మిగ్రేషన్ చట్టమే నిషేధించింది. ఎవరికీ వీసా స్పాన్సర్ చేయబోమని నిర్ణయించుకోవడం మీ హక్కు. చేస్తామంటూనే, పేరు చూసి పక్కన పెట్టడం హక్కు కాదు.

అమీర్‌పేట రాత్రి డ్యూటీ (హైదరాబాద్):

ఈ చర్చలో కనబడని మూడో మనిషి ఒకడున్నాడు. వాడి సంగతి చెప్పకపోతే మీ అనుమానానికి మూలం దొరకదు. ఇక్కడ దాన్ని జాబ్ సపోర్ట్ అంటారు. డల్లాస్‌లోనో షార్లెట్‌లోనో కొత్తగా ప్రాజెక్టులో చేరిన మనిషి, తనకు రాని పనిని హైదరాబాద్‌లో ఉన్న మరొకరి చేత నెలకింతని ఇచ్చి చేయించుకుంటాడు. నేను కొంతకాలం ఆ పని చేశాను కాబట్టి లోపలి వ్యవహారం తెలుసు. మన రాత్రి ఎనిమిదింటికి అతను తన ల్యాప్‌టాప్ తెరను జూమ్‌లో చూపిస్తాడు, కోడ్ నేను రాస్తాను, మరునాటి స్టాండప్‌లో (రోజూ జరిగే చిన్న మీటింగులో) ఏం చెప్పాలో కూడా రెండు ముక్కల్లో రాసిస్తాను. డబ్బు నల్గొండలో ఉన్న వాళ్ల బావ ఫోన్‌పేలో పంపేవాడు. ఒప్పందం లేదు, ఇన్‌వాయిస్ లేదు. అక్కడ ప్రాజెక్టు పోతే ఇక్కడ ఆ నెల డబ్బు పోయినట్టే. అడగడానికి నాకు ఆ కంపెనీ పేరు కూడా సరిగా తెలిసేది కాదు. ఆ తెర మీద మాత్రం ఆ కంపెనీ డేటాబేసు అంతా నాకు కనిపించేది.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, మీ భాగస్వామి నిఘా పెట్టాలనుకుంటున్నది తన పేరుతో తన ధర చెప్పి, తన పని ముందే చూపించిన ఆ కాకినాడ ఆవిడ మీద. మోసానికి ఒత్తిడి ఉన్నది ఆవిడ దగ్గర కాదు. పని పోతే 60 రోజుల్లో హోదా పోయే మనిషి దగ్గర, ఆ పైన అప్పు తీర్చవలసిన మనిషి దగ్గర ఆ ఒత్తిడి ఉంటుంది. చదువయ్యాక విద్యార్థులకిచ్చే తాత్కాలిక పని అనుమతి, ఓపీటీ మీద ఉన్నవారి పరిస్థితి ఇంకా ఇరుకు. మొత్తంగా 90 రోజులు, సైన్సు, ఇంజనీరింగ్ లాంటి చదువులకు దొరికే స్టెమ్ పొడిగింపు వస్తే అన్నీ కలిపి 150 రోజులు దాటి ఖాళీగా ఉంటే హోదా చిక్కుల్లో పడుతుంది. అంత గడువులో నిజం చెప్పి ఉద్యోగం తెచ్చుకోలేనేమోనన్న భయాన్నే కన్సల్టెన్సీ సొమ్ము చేసుకుంటుంది. నేను ఎవరినీ సమర్థించడం లేదు. చేరినవాడు ఒకడు, మాట్లాడినవాడు ఒకడు అయితే అది మోసమే, వెంటనే తీసేయవలసిందే.

అయితే నేను సహాయం చేసినవారిలో ఇద్దరు ముగ్గురు నిజంగా తెలివైనవారు. వాళ్లకు రానిది నేర్చుకోవడానికి మూడు నెలలు పట్టేది, అంతే. కాని మీటింగులో ఇది నాకు తెలియదు అని ఒక్కసారి అంటే బయటికి పంపేస్తారని భయపడేవారు. మీ డేటా ఇంజనీరుకు మొదటి రోజే, మొదటి మూడు నెలల్లో తెలియనివి తెలియవని చెప్పడం తప్పుగా చూడమని, చెప్పకుండా బయటివారి చేత చేయిస్తే మాత్రం ఆ రోజే ఉద్యోగం పోతుందని, రెండూ కాగితం మీద రాసి ఇవ్వండి. నేర్పడానికి మీ దగ్గర ఒక మనిషిని కూడా కేటాయించండి. జాబ్ సపోర్ట్ అవసరమే సగం తగ్గిపోతుంది.

ఇంకొక మాట. మాలాంటివారిలో చాలామంది చాటున చేసే పనినే సొంత పేరుతో, పద్ధతిగా చేయడానికి సిద్ధంగా ఉన్నారు. నేను ఇప్పుడు చేస్తున్నది అదే. మీ సంస్థలు నేరుగా మమ్మల్ని పెట్టుకోవడం ఈ దొంగ వ్యవహారం కంటే చౌక కూడా.

ప్లేనో అమ్మ:

అందరూ వీసా మీద ఉన్నవారికి ఏది న్యాయమో మాట్లాడుతున్నారు, సంతోషం. ఈ ఊళ్లోనే చదువుకుని ఉద్యోగం దొరకనివారి మాట కూడా ఒకరు అనాలి కదా. మా అబ్బాయి ఇక్కడే పుట్టాడు, కంప్యూటర్ సైన్సులో డిగ్రీ చేశాడు, ఏడాదిగా దరఖాస్తులు పెడుతూనే ఉన్నాడు. మన తెలుగువారి వాట్సాప్ గ్రూపుల్లో వచ్చే ప్రకటనల్లో, ఓపీటీ వారు, హెచ్‌-1బి వారు మాత్రమే సంప్రదించాలని ఎంత నిర్భయంగా రాస్తారో మీరంతా చూసే ఉంటారు. అది చట్టవిరుద్ధం. అలాంటి ప్రకటనలు వేసిన చిన్న చిన్న ఐటీ సంస్థల చేత న్యాయశాఖ జరిమానాలు కట్టించింది. పెద్ద సంస్థలేమీ తక్కువ తినలేదు. గ్రీన్ కార్డు కోసం ప్రకటించవలసిన ఉద్యోగాలను తమ మామూలు వెబ్‌సైటులో పెట్టకుండా, దరఖాస్తులు పోస్టులో పంపమన్నందుకు 2021లో ఫేస్‌బుక్ 14.25 మిలియన్ డాలర్ల వరకు, 2023లో యాపిల్ 25 మిలియన్ డాలర్ల వరకు చెల్లించడానికి ఒప్పుకున్నాయి.

లాటరీ సంగతి కూడా చెప్పుకోవాలి. 2024 ఆర్థిక సంవత్సరపు హెచ్‌-1బి లాటరీకి అర్హత పొందిన రిజిస్ట్రేషన్లు 7,58,994 అయితే, అందులో 4,08,891 ఒకే మనిషి పేరు మీద ఒకటికి మించి పడినవి. నాలుగైదు కన్సల్టెన్సీలు కూడబలుక్కుని ఒక్కడికే నాలుగైదు చీటీలు వేస్తే, నిజాయితీగా ఒక్క చీటీ వేసుకున్న మన పిల్లవాడికే కదా నష్టం? మరుసటి సంవత్సరం నుంచి మనిషికి ఒక్క చీటీ లెక్కన ఎంపిక చేయడంతో అర్హత పొందిన మొత్తం రిజిస్ట్రేషన్లు 4,70,342కు దిగాయి. ఆ దొంగ చీటీల వల్ల ఎక్కువగా దెబ్బతిన్నది కూడా మనవాళ్లే.

నేను వీసాల వ్యతిరేకిని కాను. మా వారు హెచ్‌-1బి మీదే వచ్చారు, 2015లో హెచ్‌-4 (హెచ్‌-1బి వారి భార్య లేదా భర్తకిచ్చే వీసా) వారిలో కొందరికి పని అనుమతి ఇచ్చేదాకా నేను డిగ్రీ ఉండి ఇంట్లో కూర్చున్నదాన్నే. ఇర్వింగ్ వాసి గారిని నేను అడిగేది ఒక్కటే. ఆ డేటా ఇంజనీరు ఉద్యోగాన్ని అందరికీ కనబడేలా ప్రకటించారా, లేక తెలిసినవారి ద్వారా వచ్చిన రెజ్యూమెతోనే మొదలుపెట్టారా?

ఇర్వింగ్ వాసి:

అమ్మా, మీరు అడిగింది సబబైన ప్రశ్న. ప్రకటన మా వెబ్‌సైటులోనూ రెండు జాబ్ సైట్లలోనూ పెట్టాము. స్థానికులను నలుగురిని ఇంటర్వ్యూ చేశాము. వారిలో ఒకరికి ఆఫర్ ఇస్తే, ఇంకా పెద్ద సంస్థ పిలిచిందని రాలేదు. ఆ తరువాతే ఈ అభ్యర్థి దగ్గరికి వచ్చాము. మీ అబ్బాయికి అభ్యంతరం లేకపోతే నాకు వ్యక్తిగత సందేశం పంపమనండి, వచ్చే వేసవిలో ఒక కొత్తవారిని తీసుకునే ఆలోచన ఉంది.

పాత బెంచీ గారి జవాబు చూశాక లెవెల్ 1 మాట వదిలేశాను. మా దగ్గర ఆ పని చేస్తున్నవారితో సమానంగానే జీతం రాయమని న్యాయవాదికి చెప్పాను. భాగస్వామి కూడా ఒప్పుకున్నాడు. గుర్తింపు తనిఖీ విషయంలో మాత్రం అతను పట్టు వదలడం లేదు. ఉత్తర కొరియా వారు అమెరికా కంపెనీల్లో దొంగపేర్లతో ఉద్యోగాలు చేశారన్న వార్తలు చూపిస్తున్నాడు. వీడియో కాల్‌లో చేతిని ముఖం ముందు ఊపమనాలి, గది అంతా తిప్పి చూపించమనాలి అంటున్నాడు.

ఆస్టిన్ హెచ్‌ఆర్:

మీ భాగస్వామి భయం కల్పితం కాదు. దొంగిలించిన గుర్తింపులతో ఉత్తర కొరియా ఐటీ మనుషులు దూరం నుంచి ఉద్యోగాలు చేసిన వ్యవహారంలో, కంపెనీలు పంపిన ల్యాప్‌టాప్‌లను అరిజోనాలోని తన ఇంట్లో పెట్టుకుని నడిపిన ఒక మహిళకు 2025 జులైలో 102 నెలల జైలు శిక్ష పడింది. మోసపోయిన కంపెనీలు 300కు పైనే, వాటినుంచి వెళ్లిన సొమ్ము 17 మిలియన్ డాలర్ల పైనే. అయితే అక్కడ వాడినవి అమెరికా పౌరుల పేర్లు, వివరాలు. మనవాళ్ల పేర్లను జల్లెడ పట్టి కూర్చుంటే ఆ దొంగ ఒక్కడూ దొరికేవాడు కాదు. అందుకే ఏ తనిఖీ చేసినా అందరికీ చేయండి, టెక్సస్‌లో పుట్టినవారికి కూడా. చేయబోతున్నామని ముందే రాతలో చెప్పండి.

మా దగ్గర ఇంటర్వ్యూ చేసిన మనిషే, చేరిన రోజు ఉదయం కొత్త ఉద్యోగితో పావుగంట వీడియోలో మాట్లాడి, ఇంటర్వ్యూలో చర్చించిన విషయాన్నే మళ్లీ కదుపుతారు. ఒకరి బదులు మరొకరు వచ్చే ప్రాక్సీ పట్టుబడడానికి అది చాలు. ల్యాప్‌టాప్‌ను ఆఫర్‌లో ఉన్న చిరునామాకే పంపుతాము, మధ్యలో చిరునామా మార్చమంటే ఒక ఫోన్ చేసి కారణం అడుగుతాము. చేతులూపించడం, గది తిప్పించడం మేము మానేశాము. ఒకే గదిలో నలుగురు ఉండే కుర్రవాడికి అది సిగ్గు తప్ప మాకు తెలిసేది ఏమీ లేదు. ఉద్యోగికి పని అనుమతి ఉందో లేదో చూసే ఫారం ఐ-9 దగ్గర మరీ జాగ్రత్త. అనుమతి ఉన్న జాబితాలోంచి ఏ పత్రాలు చూపాలో ఉద్యోగి ఇష్టం. ఫలానాదే కావాలని, ఇంకొకటి కూడా తెమ్మని మీరు పట్టుబడితే అదే ఒక ఉల్లంఘన అవుతుంది.

సర్పవరం జంక్షన్ (కాకినాడ):

మీరు మాట్లాడుతున్న ఆవిడను నేను కాను, కాని ఇదే ఊళ్లో అదే పని చేస్తున్నాను కాబట్టి రాయాలనిపించింది. ఇక్కడివరకు అందరూ ఉద్యోగి గురించే చెప్పారు, ఫ్రీలాన్సర్ పరిస్థితి దానికి పూర్తిగా తిరగేసి ఉంటుంది. ఉద్యోగి మోసం చేస్తాడేమోనని సంస్థకు భయం ఉన్నా, సంస్థ మోసం చేస్తే వెళ్లి ఫిర్యాదు చేయడానికి ఉద్యోగికి కార్మిక శాఖ ఉంది. మాకు ఎవరున్నారు? పదిహేను వందల డాలర్ల కోసం డల్లాస్ కోర్టుకు వెళ్లలేను. ఒక విదేశీ క్లయింటుకు నెలన్నర పని చేసి ఇస్తే, వెబ్‌సైటు పైకి ఎక్కిన మరునాటి నుంచి అతను మెయిలుకు జవాబివ్వడం మానేశాడు. ఆ సైటు ఇప్పటికీ నడుస్తోంది, అప్పుడప్పుడూ తెరిచి చూస్తుంటాను.

మీ భాగస్వామి అడుగుతున్న నిఘా మాకు కొత్త కాదు. ఫ్రీలాన్సర్లకు పనులు కుదిర్చే వెబ్‌సైటు అప్‌వర్క్‌లో గంటల లెక్కన పనిచేస్తే మా తెర సుమారు ప్రతి పది నిమిషాలకు ఒకసారి ఫొటో అవుతుంది, కీబోర్డు ఎంత కదిలిందో కూడా నమోదవుతుంది. దానికి మేము ఒప్పుకోవడానికి కారణం ఉంది. అలా నమోదైన గంటలకు, షరతులకు లోబడి, డబ్బు వస్తుందన్న హామీ ఆ సంస్థ ఇస్తుంది. మొత్తం పనికి ఒకే ధర మాట్లాడుకుంటే క్లయింటు ముందే డబ్బు ఎస్క్రోలో (మధ్యవర్తి దగ్గర డిపాజిట్‌గా) పెట్టాలి, పని అప్పగించాక 14 రోజులు అతను పలకకపోతే అది మాకు విడుదలవుతుంది. మీ భాగస్వామి నిఘా మాత్రం కావాలంటున్నాడు, హామీ మాట ఎత్తడం లేదు. కెమెరా పెట్టేట్టయితే డబ్బు ఎస్క్రోలో పెట్టమనండి. ఎస్క్రో వద్దనుకుంటే, పనిని రెండేసి వారాల ముక్కలుగా విడగొట్టి, మొదటి ముక్కకు సగం ముందుగా ఇచ్చి, ఆ ముక్క పూర్తయ్యాకే రెండోదానికి వెళ్లండి. అప్పుడు ఏ వైపు మోసం జరిగినా నష్టం రెండు వారాలకు మించదు.

వారం రోజుల ఉచిత పరీక్షకు నేను ఒప్పుకోను, పని ఉన్న ఏ ఫ్రీలాన్సరూ ఒప్పుకోదు. అంటే ఆ షరతు పెడితే మీకు మిగిలేది పని లేనివారే. రెండు రోజుల్లో అయ్యే నిజమైన పని ఒకటి ఎంచుకుని, దానికి మామూలు ధర ఇచ్చి చేయించుకోండి, నచ్చకపోతే అక్కడితో సరి. రోగుల వివరాల సంగతి మాటకొస్తే, మాకు అవి అసలు పంపవద్దు. వెబ్ పేజీ పనికి కల్పిత పేర్లతో చేసిన డేటా చాలు. రోగుల గోప్యతను కాపాడే హిపా చట్టం నిబంధనలున్నాయి, మీ క్లినిక్కుల్లో మెడికెయిడ్ (తక్కువ ఆదాయం ఉన్నవారికి ప్రభుత్వ ఆరోగ్య బీమా) చూసేవి ఉంటే ఆ సమాచారం దేశం దాటకూడదన్న షరతు కొన్ని రాష్ట్రాల ఒప్పందాల్లో ఉంటుంది. మా చేతికి రాని దాని విషయంలో మమ్మల్ని నమ్మాలా వద్దా అన్న ప్రశ్నే మీకు రాదు.

ధర గురించి నిర్మొహమాటంగా చెబుతాను. డల్లాస్ రేటు నేను అడగను, అక్కడి అద్దె నేను కట్టడం లేదు. అయితే ఐదో వంతు అన్నవారు ఉద్యోగి జీతంతో పోలుస్తున్నారు. ఉద్యోగికి మీరిచ్చే ఆరోగ్య బీమా, సెలవులు, ల్యాప్‌టాప్ నాకు లేవు. అప్‌వర్క్ లాంటిచోట్ల కమిషన్ పోతుంది, బ్యాంకు మారకంలో మరికొంత పోతుంది, ఇన్వర్టరూ రెండో ఇంటర్నెట్ లైనూ నా ఖర్చే. మీకు మధ్యాహ్నం పన్నెండైతే మాకు రాత్రి పదిన్నర, చలికాలంలో పదకొండున్నర. రోజూ ఆ వేళకు కాల్‌లో కూర్చోమంటే దానికి వేరే ధర ఉండాలి, లేదా మీ ఉదయం ఎనిమిదింటికి మార్చండి. నేనైతే మీ ఊళ్లో చిన్న ఏజెన్సీ ఆ పనికి ఎంత చెబుతుందో కనుక్కుని, అందులో సగానికి దగ్గరగా ఇచ్చేవారితోనే ఏళ్ల తరబడి పనిచేస్తున్నాను. ఐదో వంతు ఇచ్చినవారి పని వేరే మంచి పని దొరికిన రోజున ఎవరైనా వదిలేస్తారు.

కాగితాల విషయంలో మీరు చేయవలసింది కొంచెమే. ఆవిడ చేత, తాను అమెరికావాసి కానని తెలిపే డబ్ల్యూ-8బెన్ ఫారం ఒకటి నింపించుకుని దాచుకోండి. పని మొత్తం ఇండియాలోనే జరుగుతుంది కాబట్టి అక్కడ పన్ను పట్టుకోవడం, 1099 (అమెరికాలో కాంట్రాక్టర్లకు చెల్లించిన సొమ్ము చూపే ఫారం) ఇవ్వడం ఉండవు. డబ్బు మీ సంస్థ ఖాతా నుంచే, ఇన్‌వాయిస్ మీద ఉన్న పేరుతోనే పంపండి. విదేశీ సొమ్ము వచ్చినట్టు బ్యాంకు ఇచ్చే పత్రం మాకు జీఎస్టీ దగ్గర అవసరం. రాబడి ఏడాదికి 20 లక్షలు దాటి రిజిస్టరైనవారు ఎల్‌యూటీ (జీఎస్టీ శాఖకు ఇచ్చే హామీ పత్రం) వేసి, పన్ను కట్టకుండా ఎగుమతి చూపించుకోవాలంటే అది ఉండాలి. స్నేహితుడి ఖాతా నుంచి పంపితే మేము ఆ తరువాత తిరగలేక చావాలి. ఒప్పందంలో, కోడ్ మీద హక్కు డబ్బు పూర్తిగా చేరిన రోజున మీకు బదిలీ అవుతుందని రాయండి. సంతకంతోనే హక్కంతా మీదవుతుందని రాసిన ఒప్పందాలు చాలా చూశాను.

ఇర్వింగ్ వాసి:

ఈ చివరి జవాబును ఇంగ్లీషులోకి మార్చి నా భాగస్వామికి చదివి వినిపించాను. రెండు రోజుల పనికి డబ్బు ఇచ్చి చూడడానికి ఒప్పుకున్నాడు, కెమెరా మాట వదిలేశాడు. ముందుగా సగం ఇవ్వడానికి మాత్రం ఇంకా తటపటాయిస్తున్నాడు, మూడో వంతు అంటున్నాడు. ఆ సంగతి మేమే తేల్చుకోకుండా, ఆవిడతో సోమవారం మాట్లాడేటప్పుడు ఆవిడనే అడుగుతాము. డేటా ఇంజనీరు తన పని గురించి సొంతంగా రాసిన పేజీ నిన్న రాత్రి వచ్చింది. కన్సల్టెన్సీ పంపిన రెజ్యూమెలో పదకొండేళ్లున్న అనుభవం ఇందులో ఆరేళ్లే ఉంది. ఆ ఆరేళ్లలో చేసిన పని మాకు కావలసిందే కాబట్టి గురువారం ఇంటర్వ్యూ పెట్టుకున్నాము.

పాత బెంచీ:

ఆరేళ్లని తానే చెప్పాడు కాబట్టి ఆ ఐదేళ్ల తేడా గురించి ఇంటర్వ్యూలో గుచ్చి అడగకండి. ఎల్‌సీఏలోనూ పిటిషన్‌లోనూ మాత్రం ఆరేళ్ల లెక్కే వెళ్లేలా న్యాయవాదికి ముందే చెప్పండి. పాత యజమాని వేసిన పిటిషన్‌లో ఏం రాశారో అతని దగ్గర నకలు ఉందేమో అడగమనండి. చాలా కన్సల్టెన్సీలు అది ఇవ్వవు. లేకపోతే మన సమాచార హక్కు చట్టం లాంటి ఇక్కడి ఫోయా చట్టం కింద అతనే తన ఫైలు తెప్పించుకోవచ్చు, దానికి కొంత సమయం పడుతుంది.